వానల్లేని దేశంలో పంటలు

చిరంజీవులకు ఆశీస్సులు.

అట్లాసులో ఈజిప్టంతా ఎడారి రంగే ఉందే, వానే పడని చోట పూర్వం అంతమందికి తిండి ఎక్కణ్ణుంచి వచ్చింది అని చిన్నది అడిగింది కదా. అడగాల్సిన ప్రశ్నే. కైరోలో ఏడాది మొత్తానికి మూడు సెంటీమీటర్ల వాన పడితే గొప్ప. అస్వాన్‌లో అదీ ఉండదు.

వాన వేరే చోట పడుతుంది. మనకి జూన్‌లో తొలకరి పడే రోజుల్లోనే ఇథియోపియా కొండల మీదా వానలు పట్టుకుంటాయి. ఆ నీళ్లు మట్టిని కోసుకుంటూ నైలులోకి దిగి, ఎడారి దాటొచ్చి ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈజిప్టు పొలాల్ని ముంచేవి. అక్టోబరు, నవంబరుకి వరద తీసేది. గోధుమ, బార్లీ విత్తడానికి సరిగ్గా అదే అదను. కోతలు మార్చి, ఏప్రిల్‌లో. మళ్లీ వరదొచ్చేసరికి గింజలు గాదెల్లో ఉండేవి. కిటుకంతా ఈ నెలల్లోనే ఉంది.

అలాగని వరదని దాని మానాన వదిలెయ్యలేదు. నది పక్క పల్లాన్ని మట్టిగట్లతో పెద్దపెద్ద మడులుగా విడగొట్టారు. నది ఎక్కగానే గట్టుకి గండి కొట్టి నీళ్లు పెట్టుకుని, గండి పూడ్చేసి, మీటరు పైచిలుకు లోతున 40 నుంచి 60 రోజులు నిలబెట్టేవాళ్లు. ఒండ్రు అడుక్కి దిగేది, నేల లోతుదాకా నానేది. తర్వాత ఆ నీటిని కింది మడిలోకో నదిలోకో వదిలేసి, బురద ఆరకముందే విత్తనం చల్లి, గొర్రెల్ని తోలి తొక్కించేవాళ్లు. ఆ పదునుతోనే పంట చేతికొచ్చేది.

వరద తగ్గినా చిక్కే, మించినా చిక్కే. తగ్గితే మెరక మడులకి నీరెక్కదు. మించితే గట్లు తెగి దిబ్బల మీది ఊళ్లూ మునుగుతాయి, దాచిన విత్తనాలూ నానిపోతాయి. అందుకే అస్వాన్ దగ్గరి ఎలిఫెంటైన్ దీవిలో రాతిమెట్ల పక్క గోడమీద గీతలు గీసి వరదని కొలిచేవాళ్లు. రోమన్ రచయిత ప్లీనీ రాసిన లెక్క ఇది: 12 మూరలైతే కరువు, 13 ఆకలి, 14 ఉల్లాసం, 15 ధీమా, 16 ఆనందం.

ఇక నీళ్లు పెట్టే పొలాల్ని పాడుచేసే ఉప్పు సంగతి. నదినీళ్లలో కంటికి కనబడని ఉప్పు కాస్త ఉంటుంది. అడుగు కన్నం పూడిపోయిన పూలకుండీకి రోజూ చెంబుడు నీళ్లు పోస్తే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. కొన్నాళ్లకి మట్టిమీద తెల్లగా పూస్తుంది, ఆకుల అంచులు మాడతాయి. కన్నమున్న కుండీకి నిండా పోస్తే ఉప్పు కడుక్కుపోతుంది. ఈజిప్టు కన్నమున్న కుండీ. నిండా పోసేది వరద. వరద తీశాక నది చాలా కిందికి దిగేది, దాంతోపాటే నేలలోని నీరూ దిగి ఉప్పుని పట్టుకుపోయేది. ఇప్పటి ఇరాక్‌లో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య ఉండే పూర్వపు సుమేరియా కన్నం లేని కుండీ. అక్కడ నేల పలకలా చదును, నీరు దిగే దారి లేదు. పైగా వాళ్ల వరద టర్కీ కొండల మంచు కరిగి, చేను కోతకొచ్చిన ఏప్రిల్, మే నెలల్లో వచ్చి పడేది. విత్తే వేళకేమో నదిలో నీళ్లుండవు. వరదని ఆపడానికి గట్లు, తడికి కాలవలు, కాలవల్లో పూడికతీత, ఇలా ఏడాది పొడుగునా చాకిరీ. కుండీకి చెంబుతో పోస్తున్నట్టే లెక్క. ఉప్పు తేలింది. గోధుమ కన్నా ఉప్పుకి ఓర్చుకునే బార్లీనే నమ్ముకోవాల్సి వచ్చింది. వాళ్లకి తెలివి తక్కువనుకునేరు! రాయడం మొట్టమొదట నేర్చినవాళ్లు వాళ్లే. నేల అలాంటిది, అంతే.

1970లో అస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయ్యాక ఈజిప్టుకీ వరద రావడం మానేసింది. ఒండ్రు ఆనకట్ట వెనకే ఆగిపోతోంది. కాలవ నీళ్లు ఏడాదంతా పారడంతో అక్కడా ఉప్పు తేలసాగింది, పొలాల కింద కన్నాల గొట్టాలు పాతి నీటిని బయటికి తియ్యాల్సి వస్తోంది.

నమ్మకం కుదరకపోతే రెండు కుండీలు పెట్టి చూడండి. ఒకదాని కన్నం మూసెయ్యండి. రెండిట్లో మెంతులు చల్లి, కన్నం మూసినదానికి రోజూ కొంచెం, రెండోదానికి వారానికి రెండుసార్లు అడుగునుంచి కారేదాకా నీళ్లు పొయ్యండి. బోరు నీళ్లయితే తెలుపు త్వరగా తేలుతుంది. ఉప్పే కదా అని నాకి చూడకండి!

మీ తాతయ్య