అంటిగోనస్ ఎముకలు: గుహ వాదన వెనక ఉన్న అంతియొకయ తీర్పు

యెరూషలేము ఉత్తర శివారు గివాత్ హమివ్తార్ గుహలో దొరికిన ఎముకలు యూదులను ఏలిన హస్మొనీ వంశపు చివరి రాజు అంటిగోనస్‌వా, కావా? 1971 నుంచి చల్లారినట్టే చల్లారి రాజుకుంటున్న ఈ వాదన మళ్లీ పైకొచ్చింది. ఈ వంశాన్ని గద్దెనెక్కించిన మక్కబీల తిరుగుబాటు, రోమన్ సేనాని పాంపే దండయాత్ర పాఠకులకు కొత్త కావు, వాటిని పక్కన పెడదాం. గుహలోని రాతి పెట్టెలో దొరికిన దవడ మీది కోత, మేకులు ఏం చెబుతున్నాయో తేల్చుకోవాలంటే క్రీ.పూ. 37లో సిరియాలోని అంతియొకయలో జరిగినదాన్ని చూడాలి.

ఆ ఏడాది, రోము యూదుల రాజుగా ప్రకటించిన హేరోదు, రోమన్ సేనాని సోసియస్ కలిసి యెరూషలేమును పట్టుకున్నారు. కోట దిగివచ్చి కాళ్ల మీద పడ్డ అంటిగోనస్‌ను సోసియస్ 'అంటిగోనీ' అని ఆడపేరుతో ఎగతాళి చేసి సంకెళ్లు వేయించాడు. ఓడిన రాజును రోముకు తీసుకెళ్లి విజయోత్సవంలో ఊరేగించడం రోమన్ల ఆనవాయితీ. రోము తరఫున తూర్పు ప్రాంతాలను ఏలుతున్న ఆంటోనీ కూడా మొదట అదే అనుకున్నాడని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. అడ్డుపడింది హేరోదు. అంటిగోనస్ సెనేట్ ముందు నిలబడి 'నేను రాజవంశీకుణ్ణి, హేరోదు సామాన్యుడు. నేను తప్పు చేసి ఉంటే నా కొడుకులకైనా రాజ్యం ఇవ్వండి' అంటే ఏం చేయాలి? ఆ భయంతో ఆంటోనీకి భారీగా సొమ్ము ముట్టజెప్పాడు. ఊరేగింపు రద్దయింది, తల తెగింది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. హేరోదు తల్లిదండ్రులిద్దరిలో ఎవరిదీ యూదు రాజవంశం కాదు. అతని కిరీటం క్రీ.పూ. 40లో సెనేట్ తీర్మానంతో వచ్చింది, తీర్మానాన్ని మరో తీర్మానం కొట్టేయగలదు. అంటిగోనస్ నోరున్న మనిషి కూడా. క్రీ.పూ. 63లో తండ్రి రెండో అరిస్టోబులస్‌తో పాటు బందీగా రోముకు వెళ్లాడు, తర్వాత తండ్రితో పారిపోయి వచ్చి మళ్లీ పట్టుబడ్డాడు. క్రీ.పూ. 49లో తండ్రిని పాంపే మనుషులు విషం పెట్టి చంపారు. అన్న అలెగ్జాండర్ తల నరికించారు, అదీ అంతియొకయలోనే. రెండేళ్లకు అంటిగోనస్ సీజర్ ఎదుట నిలబడి వారసత్వం అడిగాడు. హేరోదు తండ్రి అంటిపాటర్ వెంటనే ఒంటి మీది బట్ట తీసి, రోము పక్షాన పోరాడి తిన్న గాయాల మచ్చలు చూపించాడు. సీజర్ అటే మొగ్గాడు. క్రీ.పూ. 37 నాటికి అంటిపాటర్ లేడు. రెండో విచారణ జరిగితే ఫలితం ఎటు పోతుందో హేరోదు ఊహించుకోగలడు.

రోముకు శత్రువులైన పార్థియన్ల సాయంతో గద్దెనెక్కాడనీ, ప్రధాన యాజకత్వానికి పనికిరాకుండా పెదతండ్రి హుర్కాను చెవులు తెగ్గొట్టాడనీ అంటిగోనస్ మీద మచ్చ ఉంది. లేవీయకాండము 21వ అధ్యాయం ప్రకారం అంగలోపం ఉన్నవాడు బలిపీఠం దగ్గరికి పోరాదు. అయితే ఈ కథలో చాలా భాగం జోసెఫస్‌కు అందింది హేరోదు ఆస్థాన రచయిత నికొలాస్ నుంచి. అంటిగోనస్ సొంత గొంతు మిగిలింది నాణేల మీదే. సుమారు 14 గ్రాముల కంచు నాణెం మీద ఒక పక్క ప్రాచీన హీబ్రూ లిపిలో, అతని హీబ్రూ పేరుతో 'మత్తత్యా, ప్రధాన యాజకుడు', మరో పక్క గ్రీకులో 'అంటిగోనస్ రాజు' అని ఉంటుంది. ఒక చిన్న నాణెం మీద దేవాలయపు దీపవృక్షం, సన్నిధి రొట్టెల బల్ల ఉన్నాయి. దీపవృక్షం నాణెం మీదికి ఎక్కడం అదే మొదలు.

ఇప్పుడు చావు సంగతి. ఆ కాలంలోనే బతికిన గ్రీకు రచయిత స్ట్రాబో మాటలను జోసెఫస్ ఉదహరించాడు: అంతియొకయలో తల నరికించారు, రాజును అలా చంపించిన మొదటి రోమన్ ఆంటోనీయే. ఎంత హింసించినా యూదులు హేరోదును రాజు అనరు గనుక, అవమానకరమైన చావుతో పాత రాజు మీది గౌరవాన్ని తగ్గించాలని చూశాడు. రెండు శతాబ్దాలు దాటాక రాసిన రోమన్ చరిత్రకారుడు డియో సిలువకు కట్టి, కొరడాలతో కొట్టి, తర్వాత చంపారంటాడు. 'కట్టి' అన్నాడు, మేకులు కొట్టారని అనలేదు. గుహ గురించి రాసేవాళ్లు చాలామంది ఈ ఒక్క మాట దాటేస్తున్నారు.

గుహ గోడ మీద అరమాయిక్ భాషలో, నాణేల మీది ప్రాచీన లిపిలోనే ఏడు వరుసలున్నాయి. యెరూషలేములో పుట్టి బబులోనుకు వలసపోయిన, అణచివేతకు గురైన అబ్బా అనే యాజక వంశీకుడు 'యూదా కుమారుడు మత్తత్యా'ను వెనక్కి తెచ్చి, తాను పత్రం రాయించుకుని కొన్న గుహలో పాతిపెట్టాడని వాటి సారం. గుహలో దొరికినలాంటి ఎముకల పెట్టెలో శవాన్ని పెట్టరు. శవం సొరంగంలో ఏడాది పాటు కుళ్లాక ఎముకలు ఏరి సున్నపురాతి పెట్టెలో వేస్తారు. పెట్టె పొడవు తొడ ఎముకకు సరిపోతే చాలు. ఏరేటప్పుడు పక్కవాళ్ల ఎముకలు కలిసిపోవడం మామూలే. తగాదా మొదలైంది అక్కడే. ఆ ఎముకలను మొదట పరీక్షించిన నిపుణుడు నికు హాస్ పురుషుడన్నారు, పూర్తి నివేదిక మాత్రం అచ్చు కాలేదు. 1977లో ప్యాట్రీషియా స్మిత్ అవి స్త్రీవన్నారు. 2013లో యోయెల్ ఎలిట్జూర్ అంటిగోనస్ వాదనను తిరిగి తెరిచారు. 1968లో అదే ప్రాంతంలో దొరికిన, మడమలో మేకు దిగిన యెహోహనాన్ ఎముకల మీద హాస్ చెప్పినదాన్ని 1985లో మళ్లీ పరీక్షించి సవరించాల్సి వచ్చింది. కాబట్టి ఆయన మాట ఒక్కటే పట్టుకుని నడవలేం. క్రీ.పూ. 63లో బందీ అయినవాడికి చనిపోయేనాటికి తక్కువలో తక్కువ 26 ఏళ్లుండాలి. వయసు అంచనా కూడా దానికి సరిపోవాలి.

మేకులు గట్టి సాక్ష్యం కావు. అవి సమాధుల్లో వేరే పనులకూ దొరుకుతుంటాయి. దవడ కోత అంతకన్నా బరువైనది, అది స్ట్రాబో మాటకు దగ్గర. గొలుసులో బలహీనమైన లింకు మాత్రం పేరు. మత్తత్యా, యూదా రెండూ అప్పట్లో వీధికొకరికి ఉన్న పేర్లు. అంటిగోనస్ తండ్రి అరిస్టోబులస్ హీబ్రూ పేరు యూదా అని నేరుగా ఎవరూ రాయలేదు. 'యూదా' పేరున్న హస్మొనీ నాణేలను ఎక్కువమంది మొదటి అరిస్టోబులస్‌వే అంటారు, కొందరు రెండోవాడికి ఇస్తారు. రెండోదే నిజమైతే అబ్బా రాతకు, అంతియొకయలో తెగిన తలకు మధ్య దూరం బాగా తగ్గుతుంది.