నలభై కౌంటు రొయ్య ఎన్ని గ్రాములు?

భీమవరం చుట్టుపక్కల చెరువు గట్టు మీద తిరిగే పిల్లలకి ‘కౌంటు’ అంటే ఏమిటో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. విసురు వల వేసి తూచిన ప్రతిసారీ ఇంట్లో ఇదే మాట.

సాయంత్రాలు మా ఇంటికి లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చే ఎనిమిదో తరగతి కుర్రాడొకడు విలోమానుపాతం దగ్గర ఆగిపోయాడు. పది మంది కూలీలు 12 రోజుల్లో కట్టే గోడను 15 మంది ఎన్ని రోజుల్లో కడతారు? 18 రోజులని రాశాడు. మనుషులు పెరిగితే రోజులెందుకు పెరుగుతాయన్న అనుమానమే రాలేదు వాడికి. పుస్తకం మూయించి అడిగాను.

“ఒరే, నలభై కౌంటు రొయ్య ఒక్కోటి ఎన్ని గ్రాములుంటుందిరా?”

“పాతిక, మాస్టారూ.”

“యాభై కౌంటైతే?”

“ఇరవై.”

క్షణం ఆలోచించలేదు. వెయ్యి గ్రాములను కౌంటుతో భాగిస్తున్నాడు. కౌంటు, బరువు ఎప్పుడు గుణించినా వెయ్యే రావాలి. విలోమానుపాతం అంటే అదే కదా!

ఇలాంటి పిల్లలు మన దగ్గరే కాదు, చాలాచోట్ల ఉన్నారు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధి వ్యాపారం చేసే ఐదుగురు పిల్లల మీద జరిగిన పరిశోధన 1985లో అచ్చయింది. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో నూటికి 98 సరిగ్గా చేశారు. అవే కూడికలు, గుణకారాలు కాగితం మీద ఇస్తే 37 మాత్రమే. కొబ్బరికాయలమ్మే పన్నెండేళ్ల పిల్లవాణ్ణి, కాయ 35 చొప్పున పది కాయలెంత అని అడిగారు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఆపైన 315, చివరికి 350 అని పేర్చుకుంటూ వెళ్లాడు. పక్కన సున్నా చేర్చాలన్న బడి సూత్రం వాడికి అవసరమే కాలేదు.

2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇంకా పెద్దది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలు బేరాల్లో చురుగ్గా లెక్క కట్టారు కానీ, బడిలో ఇచ్చే తీరులో ఉత్త అంకెలిచ్చేసరికి తడబడ్డారు. దగ్గరి బడుల పిల్లలది దీనికి తలకిందులు. బజారు పిల్లల్లో మూడోవంతు కంటే ఎక్కువమంది చేసిన ఒక బేరం లెక్కని ఈ బడి పిల్లల్లో నూటికి ఒక్కరే చేయగలిగారు. ఇటు తెలివి అటు, అటు చదువు ఇటు దానంతటది రావడం లేదు. మధ్యలో ఎవరో ఒకరు వంతెన కట్టాలి, అది టీచరు పనే అని నేను గట్టిగా నమ్ముతాను. పాఠంలో కూలీలు తీసేసి రొయ్యలని రాస్తే మాత్రం అది వంతెన కాదు.

కుర్రాడి చేతే పట్టిక గీయించాను. రొయ్య వారానికి సరిగ్గా రెండు గ్రాములు పెరుగుతోందనుకుందాం. 10 గ్రాములప్పుడు కౌంటు 100. ఆ తర్వాత 12, 14, 16, 18, 20 గ్రాములకి కౌంటు సుమారుగా 83, 71, 63, 56, 50. అంటే కౌంటు మొదటి వారం 17 తగ్గింది, తర్వాత 12, 8, 7, చివరికి 6. పెరుగుదల ఒక్కటే, తగ్గుదల మాత్రం వారం వారం చిన్నదవుతోంది. గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెడితే తిన్నని గీత రాలేదు. మొదట నిటారుగా దిగి, పోనుపోను చదునయ్యే వంపు వచ్చింది. ఇంటర్‌లో దీన్నే అతిపరావలయం అంటారు.

వాడు చాలాసేపు దాన్నే చూశాడు. “మరి మా నాన్న రొయ్య ఎదగట్లేదని టెన్షన్ పడుతున్నాడండీ, కౌంటు దిగట్లేదని,” అన్నాడు.

ఎదుగుదల నిజంగానే కుంటుపడే జబ్బులు ఉన్నాయి, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ కౌంటు ఒక్కటే చూస్తే జబ్బేదో, వంపేదో తెలియదు. వెయ్యిని కౌంటుతో భాగించి, వారానికి ఎన్ని గ్రాములు పెరిగిందో చూస్తేనే తెలుస్తుంది. నోటిలెక్క ఇక్కడిదాకా తీసుకురాలేదు, రాసిన లెక్క తెచ్చింది.

మర్నాడు వాళ్ల చెరువు పుస్తకం పట్టుకొచ్చాడు. కౌంటు గడి పక్కన స్కేలుతో కొత్త గడి గీసి, పైన ‘గ్రాములు’ అని రాసుకున్నాడు. పాత వారాలన్నీ వాడే నింపేశాడు.