ఎండ కంటే ముందు నీడను చూడండి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఊళ్లో ఇంటి మీద సోలార్ పెట్టాలంటే ఎన్ని వాట్ల ప్యానెల్ తేవాలని అడిగారు. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఇంట్లో ఏమేం వెలగాలో, ఏమేం తిరగాలో, ఎన్ని గంటలపాటో ముందు ఒక కాగితం మీద రాయండి.

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, 5 గంటలు వెలిగితే 180 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 8 గంటలు తిరిగితే 240. 40 వాట్ల టీవీ 3 గంటలకు 120. ఫోన్ల చార్జింగుకు 30 వేసుకోండి. అన్నీ కలిపి 570. వైర్లలో, బ్యాటరీలో, ఇన్వర్టర్లో, ప్యానెల్ వేడెక్కడం వల్ల దాదాపు 30 శాతం పోతుంది. అందుకే 570ని 0.7తో భాగించండి, సుమారు 815 వస్తుంది. పగలు 12 గంటలున్నా, చదరపు మీటరుకు 1000 వాట్ల నిండు ఎండతో సమానమైన సమయం చాలా చోట్ల 4, 5 గంటలే. తక్కువది తీసుకుని 815ని 4తో భాగిస్తే దాదాపు 200 వాట్లు, అంటే 100 వాట్ల ప్యానెళ్లు రెండు.

ఇప్పుడు ఆ ఫ్యాను స్థానంలో 75 వాట్ల పాత ఫ్యాను పెట్టి ఇదే లెక్క మళ్లీ వేయండి. 330 వాట్లు దాటుతుంది. ఒక్క ఫ్యాను మారిస్తే ఒక ప్యానెల్ కొననక్కర్లేదన్నమాట. ఈ లెక్క వేయకుండా బజారుకి వెళ్లినవాళ్లు అమ్మేవాడు ఏది చెబితే అది తెచ్చుకుంటారు.

బ్యాటరీకీ ఇదే పద్ధతి. 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) ఉన్న ట్యూబులర్ రకం లెడ్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు పడతాయి. లెడ్ బ్యాటరీని రోజూ సగం కంటే కిందికి దింపితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి, వాడుకోవాల్సింది 900 మాత్రమే. మన 570కి ఇన్వర్టర్ తినే భాగం కలిపినా ఒక రోజు నిబ్బరంగా గడుస్తుంది, మబ్బు పట్టిన రెండో రోజు కొంతవరకు వస్తుంది. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 100 ఏహెచ్‌తోనే దాదాపు ఇదే పని జరుగుతుంది. కాకపోతే ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి చార్జింగుని అదుపు చేసే కంట్రోలర్లో దానికి తగిన సెట్టింగు ఉండాలి.

ఇక నీడ సంగతి. తప్పులన్నీ ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. 100 వాట్ల ప్యానెల్లో సాధారణంగా 36 గడులు (సెల్స్) ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. బావి నుంచి ఇంటిదాకా మనుషులు వరసగా నిలబడి బిందెలు అందించుకుంటున్నారనుకోండి. ఒక్కడు చేతులు కట్టుకుంటే వరసంతా ఆగిపోతుంది. ఒక గడిని ఆకు పూర్తిగా కప్పేస్తే జరిగేది అదే. మిగతా గడులు తోసే కరెంటుకి ఆ గడి అడ్డుపడి కాలిపోయేంత వేడెక్కుతుంది. అలా జరగకుండా వెనకున్న పెట్టెలో బైపాస్ డయోడ్లు ఉంటాయి. అవి 18 గడుల సగభాగాన్ని తప్పించి, కరెంటుని పక్కదారిన పంపుతాయి. ప్యానెల్ బతుకుతుంది సరే, పని చేసేటప్పుడు 18 వోల్టులిచ్చేది ఇప్పుడు 9 వోల్టులే ఇస్తుంది. 9 వోల్టులు 12 వోల్టుల బ్యాటరీలోకి ఎక్కవు. మూరెడు కూడా లేని ఆకు ప్యానెల్ మొత్తాన్ని పడుకోబెట్టడమంటే ఇదే.

అందుకే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా గంటకోసారి డాబా ఎక్కి, నీడ ఎక్కడ పడుతోందో సుద్దముక్కతో గీయండి. చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు, నీడలు సాగుతాయి. వేసవిలో గీసిన గీత చలికాలానికి పనికిరాదు. యాంటెనా గొట్టం, నీళ్ల ట్యాంకు, పక్కింటివాళ్ల చెట్టు, అన్నీ చూడండి. చెట్టు వచ్చే ఏడాదికి ఇంకా పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లు ప్యానెల్ ముఖం దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లు ఉత్తరానికి పెట్టాలి. వాలు దాదాపు ఆ చోటి అక్షాంశమంత ఉంటే సరిపోతుంది. అక్షాంశం బాగా తక్కువైనా 10 డిగ్రీల వాలు తప్పనిసరిగా ఇవ్వండి. లేకపోతే వాన నీళ్లు నిలిచి, కింది అంచున దుమ్ము పట్టీలా పేరుకుని చివరి వరస గడుల్ని కప్పేస్తుంది.

కప్పుకీ ప్యానెల్‌కీ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్ల ఖాళీ వదలండి. ప్యానెల్‌కి కావలసింది వెలుగు, వేడి కాదు. గడుల వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. 65 డిగ్రీలకు చేరితే 15 శాతం దాకా పోయినట్టే. ఆ ఖాళీలోంచే గాలి దూరి ప్యానెల్‌ని పైకి లేపుతుంది కూడా, కాబట్టి స్టాండుని డాబాకి యాంకర్ బోల్టులతో బిగించాలి. ఇటుకలు బరువు పెట్టి వదిలేస్తే గాలివానకు ప్యానెళ్లు ఎగిరిపోతాయి. రేకుల కప్పయితే రేకు మిట్ట మీదే బెజ్జం వేసి, రబ్బరు వాషరు పెట్టి, కింది దూలానికి బిగించండి. పల్లంలో వేస్తే నీళ్లు పారే దారిలోనే కన్నం పెట్టినట్టవుతుంది. ప్యానెల్ ఫ్రేముకి కొత్త బెజ్జాలు వేయకండి, కంపెనీ ఇచ్చినవి చాలు.

వైరు దగ్గర పొదుపు చేయడం దండగ. రెండు ప్యానెళ్లను పక్కపక్కనే ప్యారలల్‌గా (ప్లస్‌ని ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి) కలిపితే 18 వోల్టుల దగ్గర 11 ఆంపియర్లు వస్తాయి. బ్యాటరీ 10 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 20 మీటర్ల వైరు. 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి వైరు వేస్తే దారిలోనే రెండున్నర వోల్టులకు పైగా, అంటే 15 శాతం దాకా పోతుంది. 6 స్క్వేర్ వేస్తే పోయేది 4 శాతమే. అదే రెండు ప్యానెళ్లనూ సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌ని ఇంకోదాని మైనస్‌కి) కలిపితే వోల్టులు 36 అవుతాయి, కరెంటు ఐదున్నర ఆంపియర్లకు దిగుతుంది, వైరులో నష్టం బాగా తగ్గుతుంది. ఒక గడి మీద ఆకు పడినా ఇంకా 27 వోల్టులు మిగులుతాయి. అయితే దీనికి ఎక్కువ వోల్టుల్ని బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చే ఎంపీపీటీ కంట్రోలర్ కావాలి, 75 వోల్టులు తట్టుకునేది. పని లేనప్పుడు ఈ జంట 44 వోల్టులకు ఎక్కుతుంది, చలి ఉదయాల్లో ఇంకా పైకి.

చవకగా దొరికే పీడబ్ల్యూఎం కంట్రోలర్ ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజీకి లాగి పడేస్తుంది. 37 వోల్టులు, 9 ఆంపియర్లిచ్చే 330 వాట్ల పెద్ద ప్యానెల్‌ని దాంతో 12 వోల్టుల బ్యాటరీకి కలిపారనుకోండి. 9 ఇంటూ 13, అంటే 117 వాట్లే దక్కుతాయి. మిగతాది మీరు కొన్నా మీది కాదు.

కలిపే వరస కూడా ముఖ్యం. మొదట బ్యాటరీని కంట్రోలర్‌కి కలపండి, అది 12 వోల్టులని గుర్తుపట్టాక ప్యానెల్ కలపండి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. పగటిపూట ప్యానెల్‌ని ఆఫ్ చేయడం ఎవరి తరమూ కాదు, కాబట్టి పని పూర్తయ్యేదాకా దాని మీద మందపాటి దుప్పటి కప్పండి. ప్రతి కనెక్షన్‌కి ముందు మల్టీమీటర్ పెట్టి ప్లస్, మైనస్ చూసుకోండి. తిరగేసి కలిపితే కొన్ని కంట్రోలర్లు క్షణంలో కాలిపోతాయి.

ఇంకో జాగ్రత్త. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్చు విప్పినప్పుడు పుట్టే నిప్పురవ్వ ఆరిపోతుంది. ప్యానెల్, బ్యాటరీ ఇచ్చే డీసీకి ఆ విరామం లేదు, మెరుపు సాగుతూనే ఉంటుంది. డీసీ అని రాసి ఉన్న ఎంసీబీలే (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్చులు) వాడండి. లోడు నడుస్తుండగా ప్యానెల్ వైర్ల చివర ఉండే ఎంసీ4 కనెక్టర్లు లాగకండి. అవి టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కాలి. సగం దూరిన కనెక్టర్ నెలల తరబడి వేడెక్కి కరిగిపోతుంది. 500 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లకు పైగా లాగుతుంది. దానికి 16 స్క్వేర్ వైరు, మీటరు లోపు పొడవు, బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఏసీ వైపు పని, ఎర్తింగు మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మీరు పక్కన నిలబడి చూడండి.

లైనుకి కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్ గురించి ఒక్కమాట. బ్యాటరీ లేని ఆ రకంలో ఊళ్లో కరెంటు పోతే మీ ఇన్వర్టరూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. స్తంభం మీద పనిచేసే మనిషికి మీ ఇంటి నుంచి షాక్ కొట్టకూడదని దాన్ని అలా తయారు చేస్తారు. కరెంటు కోతల కోసం సోలార్ పెట్టుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

ఇక మిగిలింది రోజువారీ పని. ప్యానెల్‌ని తెల్లవారుజామునే, చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో కడగండి. ఉప్పునీళ్లు ఆరితే తెల్లమరకలు మిగులుతాయి. దాని మీద కాలు మాత్రం పెట్టకండి, అద్దం పగలకపోయినా లోపల గడులు చిట్లుతాయి. ట్యూబులర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. ప్లేట్లు ఎప్పుడూ మునిగి ఉండాలి. చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట ఉంచి, దగ్గర్లో దీపం, అగ్గిపుల్ల లేకుండా చూసుకోండి. సూర్యుడు రాకముందు, లోడ్లన్నీ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ వోల్టేజీ చూసి గోడమీది క్యాలెండర్లో రాయండి. 12.2 అంటే సగం ఉన్నట్టు. రోజూ అంతకంటే తక్కువ కనబడుతుంటే ముందు వాడకం పెరిగిందేమో చూడండి, తర్వాత నిచ్చెన వేసి నీడ ఎక్కడిదో వెతకండి.

మీ తాతయ్య