ఆఖరి పాడిల్‌ఫిష్ ఎప్పుడు పోయింది?

విశాఖలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయి అడిగింది: "సార్, చైనాలో పాడిల్‌ఫిష్ అంతరించిపోయిందని చదివాను. యాంగ్‌ట్సీ అంత పెద్ద నది కదా, ఆఖరి చేప చచ్చిపోవడం ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. చూడకుండానే ఆ మాట ఎలా చెప్పగలిగారో వివరించడం నాకు చాలా ఇష్టమైన పని.

ముందు చేప సంగతి. డైనోసార్ల కాలం నుంచీ వస్తున్న వంశం ఇది. ఒంటి పొడవులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ముక్కే ఉంటుంది. చిన్న చేపల శరీరాల నుంచి వెలువడే అతి సన్నని విద్యుత్తును ఆ ముక్కుతో పసిగట్టి, బురద నీటిలో కూడా వేటాడేది. 2003 జనవరిలో సిచువాన్‌లోని యీబిన్ దగ్గర జాలర్ల వలలో ఒక ఆడ చేప పడింది. పొడవు 3.52 మీటర్లు, బరువు సుమారు 160 కిలోలు. శాస్త్రవేత్తలు దాని గాయాలకు వైద్యం చేసి, ట్రాన్స్‌మిటర్ అమర్చి నదిలో వదిలారు. కొద్ది కాలానికే సిగ్నల్ పోయింది. ఆ తర్వాత ఈ జాతి చేప ప్రాణంతో ఎవరి కంటా పడలేదు.

ఇక లెక్క. గంప నెత్తిన పెట్టుకుని మన వీధిలోకి చేపలమ్మే ఆమె ఒకరు వస్తుందనుకోండి. ఫలానా రోజే రావాలనే నియమం లేదు. ఆమె కేక వినపడిన రోజల్లా క్యాలెండర్ మీద గుర్తు పెట్టాం. నెలలో మొదటి 20 రోజుల్లో 10 సార్లు వచ్చింది. తర్వాతి 10 రోజులు చప్పుడే లేదు. మన వీధికి రావడం మానేసిందా?

మానలేదనే అనుకుని లెక్క మొదలుపెడదాం. అప్పుడు ఆమె రాక ఒక్కొక్కటీ ఆ 30 రోజుల్లో ఎక్కడైనా పడి ఉండొచ్చు. అది మొదటి 20 రోజుల్లోనే పడే అవకాశం 2/3. పదికి పదీ అక్కడే పడాలంటే పది 2/3లను గుణించాలి. 1024ను 59,049తో భాగిస్తే వచ్చేది దాదాపు 1.7 శాతం. అంత తక్కువ అవకాశాన్ని నమ్మడం కంటే ఆమె మానేసిందని అనుకోవడమే సబబు. అదే ఆమె ఆ 20 రోజుల్లో రెండుసార్లే వచ్చి ఉంటే? 2/3 ఇంటూ 2/3, అంటే 44 శాతం. అప్పుడు ఈ పది రోజుల నిశ్శబ్దానికి పెద్ద అర్థం లేదు. తరచుగా వచ్చే మనిషి రాకపోతే అది సమాచారం. ఎప్పుడో ఒకసారి వచ్చే మనిషి రాకపోతే ఇంకా ఆగి చూడాలి.

1993లో ఆండ్రూ సోలో అనే గణాంక శాస్త్రవేత్త జీవజాతుల కోసం ఇచ్చిన సూత్రం ఇదే. చివరిసారి కనపడేదాకా గడిచిన కాలాన్ని మొత్తం గమనించిన కాలంతో భాగించి, ఎన్నిసార్లు కనపడిందో అన్నిసార్లు ఆ భిన్నాన్ని గుణించాలి. అంతే!

కానీ ఈ లెక్కకు చాలా షరతులున్నాయి. ఆ పది రోజులూ మనం ఊళ్లో లేకపోతే, కేక వినపడలేదన్న మాటకు విలువ లేదు. మరొకామె కేకను ఈమెదని పొరబడి ఇరవై తొమ్మిదో రోజున ఒక్క గుర్తు పెట్టామా, లెక్క మొత్తం తారుమారవుతుంది. అందుకే చేప కనపడిందన్న ప్రతి కబురునూ నమ్మకూడదు, చేతిలో పెట్టుకుని చూసిన సాక్ష్యం కావాలి. అన్నిటికంటే చిక్కు మరొకటుంది. ఆమె ఒక్కసారిగా మానలేదనుకోండి. మొదట రెండు రోజులకోసారి, తర్వాత వారానికోసారి, ఆపైన నెలకోసారి వచ్చింది. అంతరించిపోయే జాతులన్నీ దాదాపు ఇలాగే తగ్గుతూ పోతాయి. అలాంటప్పుడు పాత గుర్తులను వదిలేసి, చివరి కొన్నింటి మధ్య ఖాళీలు ఎలా పెరిగాయో చూడాలి. 2003లో సోలో, డేవిడ్ రాబర్ట్స్ కలిసి డోడో పక్షికి ఈ పద్ధతి వాడారు. అది చివరిసారి కచ్చితంగా కనపడింది 1662లో. లెక్క ప్రకారం అంతరించింది మాత్రం 1690 ప్రాంతంలో.

మన పాఠాల్లో అంతరించిన జీవి అంటే డైనోసార్, లేకపోతే ఈ డోడో. దాంతో పిల్లలకు ఇదంతా ఎప్పటిదో పాత కథ అనిపిస్తుంది. పాడిల్‌ఫిష్ పోయే నాటికి మనలో చాలామంది చేతుల్లో సెల్‌ఫోన్ ఉంది. ఈ మాట తరగతి గదిలో చెప్పి తీరాలి.

చైనా శాస్త్రవేత్తలు తమ పరిశోధనను 2019 చివర్లో ప్రచురించారు. 1981 నుంచి 2003 దాకా ఈ చేప కనపడిన సందర్భాలు 210. 2017, 2018లలో నదీ పరీవాహకమంతా వలలు వేసి చూస్తే 332 జాతుల చేపలు దొరికాయి, పాడిల్‌ఫిష్ ఒక్కటీ లేదు. అంటే వాళ్లు ఊళ్లోనే ఉన్నారు, చెవులు రిక్కించి విన్నారు. లెక్కలో తేలింది: 2005 నాటికే, ఎంత ఆలస్యమైనా 2010 లోపే ఆ జాతి అయిపోయింది. 2022లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ కూడా అంతరించిన జాతిగా ప్రకటించింది.

వింత చేప ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తే భూకంపమనీ సునామీ అనీ ప్రచారం మొదలై ఊరంతా టెన్షన్. ఓర్‌ఫిష్ అనే అలాంటి లోతు సముద్రపు చేప కనపడటానికీ భూకంపాలకూ సంబంధం లేదని జపాన్ రికార్డులు వెతికి 2019లోనే తేల్చారు. కనపడిన చేపకు ఇంత హడావిడి. కనపడకుండా పోయిన చేప గురించి ఎవరూ అడగరు. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది.

పాడిల్‌ఫిష్ పరిశోధనలోనే మరో సంవత్సరం ఉంది: 1993. అప్పటికే ఈ జాతి తనను తాను నిలబెట్టుకునే శక్తి కోల్పోయిందని శాస్త్రవేత్తల అంచనా. కారణం వెతికితే 1981కి వెళ్లాలి. ఆ ఏడాది గెజౌబా డ్యామ్ నదికి అడ్డంగా మూసుకుంది. పాడిల్‌ఫిష్ గుడ్లు పెట్టే చోట్లు ఎగువన ఉన్నాయి. దిగువన పెరిగిన చేపలకు పైకి వెళ్లే దారి లేకుండా పోయింది. అంతకుముందు నుంచే వేట కూడా విపరీతం. గుడ్లు పెట్టే వయసు రావడానికే ఏళ్లు పట్టే పెద్ద చేప ఇది, ఆయుష్షూ ఎక్కువే. కాబట్టి పిల్లలు పుట్టకపోయినా పెద్దవి ఏళ్ల తరబడి వలల్లో పడుతూనే ఉంటాయి. చూసేవాళ్లకు నదిలో చేప ఉన్నట్టే ఉంటుంది.

మన గోదావరి పులస కూడా సముద్రం నుంచి నదికి ఎదురీదే చేపే. పుస్తెలమ్మి అయినా తినాలంటారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దానికీ అడ్డమే. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువ ఊళ్లలో ఈ చేప దాదాపు కనుమరుగైంది. అయినా ఈ రెండు చేపల సంగతి ఒకటి కాదు. పులస ఒకటి రెండేళ్లలోనే గుడ్లకు వస్తుంది. హుగ్లీ, మేఘన, ఐరావతి నదుల్లోకీ ఎక్కుతుంది. గోదావరికి రావడం ఆగిపోయినా జాతి మిగులుతుంది. ఆయుష్షు తక్కువ కాబట్టి ఏ ఏడాది పిల్లలు తగ్గాయో ఒకటి రెండేళ్లలోనే వలలో తెలిసిపోతుంది.

అలా తెలియాలంటే తేదీలు కావాలి. జులై నుంచి సెప్టెంబర్ దాకా ధవళేశ్వరం దిగువన రోజుకు ఎన్ని పడవలు దిగాయో, ఎన్ని గంటలు వల వేశారో, ఎన్ని పులసలు పడ్డాయో రాయాలి. కిలో ఎన్ని వేలు పలికిందో ఎలాగూ పేపర్లో వస్తుంది. ఒక్కటీ పడని రోజున వల వేసిన గంటలను కూడా అదే పుస్తకంలో రాయాలి. ఆ సున్నాలు లేకపోతే సోలో సూత్రం పనికిరాదు.