గేటు దగ్గర గొడవ: ఫ్రీ బేసిక్స్‌కి ముందు, తర్వాత

టెలికాం కంపెనీలు కొన్నేళ్లుగా ఒక డిమాండ్‌ని వదలకుండా వినిపిస్తున్నాయి. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్, వాట్సాప్ లాంటివన్నీ మా టవర్ల మీద, మా కేబుళ్ల మీద బతుకుతున్నాయి కాబట్టి ఖర్చులో వాటా ఇవ్వాలంటున్నాయి. దీనికి ‘ఫెయిర్ షేర్’ అని ముద్దుపేరు పెట్టుకున్నాయి. పేరు వింటే న్యాయంగానే ఉంటుంది. పెద్ద కంపెనీలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటుంటే మనకెందుకులే అనిపిస్తుంది కూడా. కానీ ఈ తగువు మొదలైంది ఇప్పుడు కాదు. పదేళ్ల కిందట ఇదే తగువు మన ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఫేస్‌బుక్ తెచ్చిన ‘ఫ్రీ బేసిక్స్’ అనే ఉచిత ఇంటర్నెట్ సేవ మొదట అడుగుపెట్టిన రాష్ట్రాల్లో మనవి రెండూ ఉన్నాయి.

తెలుగువాళ్లకు ఇది అర్థం కావాలంటే ఇంటర్నెట్ కన్నా ముందు కేబుల్ టీవీని గుర్తు చేసుకోవాలి. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడి నెల తిరక్కుండానే, అక్కడి కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్ల ప్రసారాలు నిలిపేశారు. కొత్త శాసనసభ్యులను వెక్కిరించారన్న కోపం అందుకు కారణం. ఏబీఎన్ అయితే నెలల తరబడి కనబడలేదు. ఆ చానళ్లు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. ఇంట్లో టీవీ ఉంది, కేబుల్ బిల్లు కడుతున్నాం, చానల్ అక్కడ ప్రసారం చేస్తూనే ఉంది, అయినా మన తెర మీదికి రాదు. మధ్యలో గేటు దగ్గర కూర్చున్నవాడు వద్దనుకున్నాడు, అంతే. నెట్ న్యూట్రాలిటీ అనే నోరు తిరగని మాటకు అసలు అర్థం, ఇంటర్నెట్‌కి ఇలాంటి గేటు ఉండకూడదని.

ఆ మాటను 2003లో ప్రచారంలోకి తెచ్చింది టిమ్ వూ అనే అమెరికా న్యాయ శాస్త్ర ఆచార్యుడు. అక్కడ 2005లో మాడిసన్ రివర్ అనే చిన్న టెలిఫోన్ కంపెనీ, తన లైన్ల మీద ఇంటర్నెట్ కాల్స్ వెళ్లకుండా అడ్డుకుని, 15 వేల డాలర్లు కట్టి బయటపడింది. తన ఫోన్ వ్యాపారానికి పోటీ వస్తోందని లైన్‌నే మూసేసిందన్న మాట. ఆ తర్వాత అమెరికాలో ఈ నియమం 2015లో వచ్చింది, 2017లో పోయింది, 2024లో మళ్లీ వచ్చింది, 2025 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ కథ అక్కడ వదిలేద్దాం.

మన దగ్గర గొడవ 2014 డిసెంబర్‌లో రాజుకుంది. ఇంటర్నెట్ ద్వారా చేసుకునే కాల్స్‌కి మామూలు డేటా ప్యాక్ పనికిరాదని, విడిగా చార్జీ ఉంటుందని ఎయిర్‌టెల్ ప్రకటించింది. 3జీలో 10 కేబీకి 4 పైసలు, 2జీలో 10 పైసలు. పైసల్లో చెబితే చిన్నదిగా కనిపిస్తుంది. లెక్క వేస్తే 3జీలో ఒక జీబీకి నాలుగు వేల రూపాయలు దాటుతుంది. గల్ఫ్‌లో ఉన్న భర్తతోనో, అమెరికాలో ఉన్న కొడుకుతోనో స్కైప్‌లో మాట్లాడుకునేవాళ్లకు అదెంత దెబ్బో చెప్పక్కర్లేదు. జనం మండిపడ్డారు. నాలుగైదు రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. అయితే తప్పయిందని కాదు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీని మీద చర్చాపత్రం తేబోతోంది కాబట్టి ఆగుతున్నామని చెప్పింది.

ఆ పత్రం 2015 మార్చి 27న వచ్చింది. 118 పేజీలు, 20 ప్రశ్నలు. మామూలుగా ఇలాంటి పత్రాలు కంపెనీల లాయర్లు తప్ప ఎవరూ చదవరు. ఈసారి కొందరు వాలంటీర్లు కూర్చుని దాన్ని అర్థమయ్యే భాషలోకి మార్చి, ‘సేవ్ ది ఇంటర్నెట్’ పేరుతో ఒక వెబ్‌సైట్ పెట్టారు. ఏఐబీ అనే కామెడీ బృందం చేసిన వీడియో వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొట్టింది. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కి వెళ్లాయి. సరిగ్గా ఆ సమయంలోనే, ఏప్రిల్‌లో, ఎయిర్‌టెల్ ‘ఎయిర్‌టెల్ జీరో’ తెచ్చింది. డబ్బు కట్టిన యాప్‌లకు డేటా చార్జీ ఉండదు, కట్టనివాటికి మామూలే. దాంట్లో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్, యాప్‌ స్టోర్లలో జనం వరసపెట్టి ఒక్క స్టార్ రేటింగులు ఇస్తుంటే తట్టుకోలేక ఏప్రిల్ 14న తప్పుకుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. వచ్చిన మెయిళ్లన్నీ ట్రాయ్ తన సైట్‌లో పెట్టేసింది, రాసినవాళ్ల పేర్లు, మెయిల్ అడ్రసులతో సహా. ఇంటర్నెట్ హక్కుల కోసం గొంతెత్తిన పది లక్షల మంది అడ్రసులు స్పామ్ పంపేవాళ్లకు పళ్లెంలో పెట్టి అందించినట్టయింది. పారదర్శకత కోసమే చేశామన్నారు. వ్యక్తిగత గోప్యత అన్న మాటకు మన ఆఫీసుల్లో అప్పట్లో ఉన్న విలువ అది.

ఎయిర్‌టెల్ జీరో చిన్న కథ. ఫేస్‌బుక్‌ది పెద్ద కథ. 2015 ఫిబ్రవరి 10న రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ‘ఇంటర్నెట్ డాట్ ఓఆర్‌జీ’ అనే సేవను భారత్‌లో మొదలుపెట్టింది. మొదట ఎంచుకున్నవి ఆరు రాష్ట్రాలు. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. (రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో మనది ఇప్పటికీ ఒకటే ఏపీ సర్కిల్ లెండి.) తెలుగులో కూడా వాడుకోవచ్చన్నారు. రిలయన్స్ సిమ్ ఉంటే చాలు, ముప్పై ఎనిమిది వెబ్‌సైట్లు పైసా ఖర్చు లేకుండా తెరుచుకుంటాయి.

ఏ ముప్పై ఎనిమిది? ఫేస్‌బుక్ ఉంది, వికీపీడియా ఉంది, క్రికెట్ స్కోర్లు, ఉద్యోగాల సైట్లు, వాతావరణం, జాతకాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో మాట్లాడే ‘ఏపీ స్పీక్స్’ కూడా ఉంది. సెర్చ్ చేయాలంటే బింగ్ ఉంది, గూగుల్ లేదు. యూట్యూబ్ లేదు. ఈ జాబితా ఎవరు రాశారు, ఏ లెక్కన రాశారు అంటే సూటిగా జవాబు లేదు. మొదట్లో దానికి పెట్టిన పేరు చూడండి, ఇంటర్నెట్ డాట్ ఓఆర్‌జీ. ఓఆర్‌జీ అన్న తోక ఎక్కువగా సేవాసంస్థలు పెట్టుకునేది కాబట్టి ఏదో ధర్మసంస్థ అనుకోవాలి. పైగా మొదటిసారి నెట్ చూసేవాడు ఇదే ఇంటర్నెట్ అనుకుంటాడు. వ్యాపారానికి ఇంత పవిత్రమైన బోర్డు పెట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం. విమర్శలు పెరిగాక సెప్టెంబర్‌లో పేరు ‘ఫ్రీ బేసిక్స్’గా మార్చారు. అంతకుముందే క్లియర్‌ట్రిప్, ఎన్‌డీటీవీ లాంటివి జాబితా నుంచి బయటికి వచ్చేశాయి.

ఆ సెప్టెంబర్‌లోనే ప్రధాని మోదీ కాలిఫోర్నియాలోని ఫేస్‌బుక్ ఆఫీసుకు వెళ్లారు. డిజిటల్ ఇండియాకు మద్దతుగా ప్రొఫైల్ ఫొటోకి మూడు రంగులు అద్దుకోండని ఫేస్‌బుక్ ఒక ఫిల్టర్ ఇచ్చింది. మన బంధువుల్లో సగం మంది మూడు రంగుల్లోకి మారిపోయారు. ఎవరో పేజీ కోడ్ తీసి చూస్తే అందులో ఆ ఫిల్టర్ పేరు ‘ఇంటర్నెట్ ఓఆర్‌జీ ప్రొఫైల్ పిక్చర్’ అని ఉంది. రంగు మార్చుకున్నవాళ్లందరినీ మద్దతుదారులుగా లెక్క వేస్తున్నారని గోల మొదలైంది. ఇంజనీర్ పొరపాటున ఆ పేరు పెట్టాడు, అంతకుమించి ఏమీ లేదని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. నిజమే కావచ్చు. అప్పటికి నమ్మే స్థితిలో ఎవరూ లేరు.

డిసెంబర్ 9న ట్రాయ్ రెండో పత్రం తెచ్చింది. ఈసారి ఒక్క విషయమే: ఏ సైట్ చూస్తున్నామన్నదాన్ని బట్టి డేటాకి వేరు వేరు రేట్లు ఉండొచ్చా? నాలుగే ప్రశ్నలు. ఆ నెలలోనే ఫ్రీ బేసిక్స్‌ని ప్రస్తుతానికి ఆపమని రిలయన్స్‌కి చెప్పింది. దాంతో ఫేస్‌బుక్ పూర్తిస్థాయి ఎన్నికల ప్రచారానికి దిగింది. పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రకటనలు, వీధుల్లో హోర్డింగులు, మిస్డ్ కాల్ ఇస్తే మద్దతు ఇచ్చినట్టే. ఫేస్‌బుక్ తెరిస్తే మీ ఫలానా స్నేహితుడు ట్రాయ్‌కి లేఖ పంపాడు, మీరూ పంపండంటూ నోటిఫికేషన్. ఒక్క నొక్కుడుతో లేఖ వెళ్లిపోతుంది. డిసెంబర్ 28న ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్ స్వయంగా టైమ్స్ ఆఫ్ ఇండియాలో వ్యాసం రాశాడు. లైబ్రరీలో అన్ని పుస్తకాలూ ఉండవు, ప్రభుత్వాసుపత్రిలో అన్ని వైద్యాలూ ఉండవు, అయినా మేలు చేయడం లేదా అన్నది ఆయన వాదన.

పోలిక వినడానికి బాగానే ఉంది, కానీ అతకదు. గ్రంథాలయంలో ఏ పుస్తకం ఉండాలో ఒక పుస్తకాల కంపెనీ తేల్చదు. ఆసుపత్రిలో మనం ఏ మందు అడిగామో రాసుకుని దాన్నిబట్టి ప్రకటనలు అమ్ముకోరు.

అవతలివాళ్ల వాదనలో నిజమేమీ లేదని మాత్రం అనను. 2014 ప్రాంతంలో ఒక జీబీ డేటా సగటు ధర 270 రూపాయల దాకా ఉండేది. కూలీకి వెళ్లే మనిషికి అది ఒక రోజు సంపాదన. అసలేమీ లేనిచోట వికీపీడియా అయినా ఉంటే మంచిదే కదా అన్న ప్రశ్నకు, నగరంలో వైఫై కింద కూర్చుని సూత్రాలు వల్లిస్తే జవాబు అయిపోదు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగుతారని మనవాళ్ల మీద మనమే జోకు వేసుకుంటాం గానీ, ఆ జోకు వేసేది ఎప్పుడూ కొనగలిగినవాడే. సేవ్ ది ఇంటర్నెట్‌వాళ్లు పంపించినవీ చాలా వరకు ముందే తయారుచేసిన జవాబులే. ఒక్క తేడా, అవి ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు జవాబులు.

ఆ తేడానే ట్రాయ్ పట్టుకుంది. మొత్తం సుమారు 24 లక్షల అభిప్రాయాలు వస్తే, దాదాపు 19 లక్షలు ఫేస్‌బుక్ వైపు నుంచి వచ్చినవే. ఒకటే మూస, నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. అప్పటి ట్రాయ్ చైర్మన్ ఆర్.ఎస్.శర్మ. చర్చను తలలు లెక్కపెట్టే పోలింగ్‌గా మారుస్తున్నారని ట్రాయ్ నుంచి ఫేస్‌బుక్‌కి ఘాటైన లేఖ వెళ్లింది. ఈయన అంతకుముందు ఆధార్ సంస్థకు డైరెక్టర్ జనరల్. 2018లో తన ఆధార్ నంబర్ బయటపెట్టి, చేతనైతే నాకు హాని చేయండని ట్విట్టర్‌లో సవాలు విసిరింది కూడా ఈయనే. డిజిటల్ హక్కుల విషయంలో ఒకే మనిషి ఒకచోట హీరోగా, ఇంకోచోట విలన్‌గా కనిపిస్తాడు.

2016 ఫిబ్రవరి 8న తీర్పు లాంటి నిబంధన వచ్చింది. చూసే సైట్‌ని బట్టి డేటా రేటు మార్చడం నిషేధం. ఉల్లంఘిస్తే రోజుకి 50 వేల రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. మూడు రోజుల్లో ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ని భారత్ నుంచి ఎత్తేసింది. ఫేస్‌బుక్ బోర్డు సభ్యుడు మార్క్ ఆండ్రీసెన్ ఉక్రోషం ఆపుకోలేక, వలస పాలన మీద వ్యతిరేకతే ఇండియా ఆర్థికంగా నష్టపోవడానికి కారణమన్న అర్థంలో ట్వీట్ చేశాడు. తర్వాత తీసేసి క్షమాపణ చెప్పాడు. దానితో నాకు సంబంధం లేదని జుకర్‌బర్గ్ ప్రకటించుకోవాల్సి వచ్చింది. నన్నడిగితే ఏడాది పాటు ఉద్యమకారులు చెప్పిన దానికన్నా ఆ ఒక్క ట్వీట్ ఎక్కువ చెప్పింది.

2018 జులైలో కేంద్రం ఇంకో అడుగు వేసింది. సైట్లను అడ్డుకోవడం, నెమ్మది చేయడం, డబ్బు తీసుకుని వేగం పెంచడం కుదరదని ట్రాయ్ చేసిన సిఫార్సులను ఆమోదించింది. కాగితం మీద చూస్తే ప్రపంచంలోని గట్టి నియమాల్లో మనవి ఒకటి. జనం గెలిచారు.

గెలిచింది జనమేనా? ఫ్రీ బేసిక్స్ వెళ్లిపోయిన ఏడు నెలలకు, 2016 సెప్టెంబర్ 5న, జియో వచ్చింది. మొదటి నెలల్లో అంతా ఉచితం. రెండేళ్లు తిరిగేసరికి జీబీ సగటు ధర 12 రూపాయల లోపుకి దిగింది. కూలీ మనిషి చేతికి ఇంటర్నెట్ ఇచ్చింది ఆ రేటే గానీ ట్రాయ్ నిబంధన కాదు. నిబంధన చేసిన మేలు ఏమిటంటే, ఆ చేతికి వచ్చింది జాబితాలోని ముప్పై ఎనిమిది సైట్లు కాకుండా మొత్తం ఇంటర్నెట్ కావడం. జియో ఆలస్యమై ఉంటే మన గెలుపు ఇంత తియ్యగా ఉండేదా అన్నది నాకు అనుమానమే.

ఆ ధరల పోటీలో ఒక్కొక్క కంపెనీ రాలిపోయింది. ఫ్రీ బేసిక్స్‌కి భాగస్వామి అయిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివరికల్లా మొబైల్ కాల్స్ సేవలు మూసేసుకుంది. తమ్ముడు అనిల్ కంపెనీ అది. అన్న ముకేశ్ కంపెనీ జియో. 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా కొనుక్కుంది. కొన్ని నెలలకే గూగుల్ కూడా 7.7 శాతానికి 33,737 కోట్లు పెట్టింది. గేటు పక్కన ఉచితంగా చిన్న తలుపు పెడతానంటే ఒప్పుకోలేదు కదా, నేరుగా గేటులోనే వాటా తీసుకున్నారు. దీని మీద పది లక్షల మెయిళ్లు వెళ్లలేదు. షేర్ మార్కెట్ పేజీలో వార్తగా వచ్చి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఫెయిర్ షేర్ దగ్గరికి వద్దాం. 2023 జులైలో ట్రాయ్ వాట్సాప్ లాంటి సేవల మీద మళ్లీ చర్చాపత్రం తెచ్చినప్పుడు టెలికాం కంపెనీల సంఘం ఈ వాటా సంగతిని గట్టిగా ముందుకు తోసింది. 2015లో ఎయిర్‌టెల్ జీరో చెప్పిందీ యాప్‌లు డబ్బు కట్టాలనే. అప్పుడు కడితే వినియోగదారుడికి ఉచితం అన్న తాయిలం ఉండేది. ఇప్పుడు ఆ తాయిలం కూడా లేదు. నెల నెలా రీచార్జ్ చేసేది మనం, ఆ డేటాతో వీడియో అడిగేదీ మనమే. యూట్యూబ్ తనంతట తాను మన ఫోన్‌లోకి వచ్చి దూరడం లేదు. అమ్మేసిన సరుకుకి రెండోవైపు నుంచి ఇంకోసారి డబ్బు అడగడాన్ని మామూలు భాషలో ఏమంటారో ఏ కిరాణా కొట్టులో అడిగినా చెబుతారు.

పెద్దవాళ్లనే అడుగుతాం, చిన్న స్టార్టప్‌ల జోలికి రామని టెలికాం సంఘం అంటోంది. ఇది అమలు చేసి చూసిన దేశం ఒకటుంది, దక్షిణ కొరియా. నెట్‌వర్క్ ఫీజుల మీద అక్కడి ఇంటర్నెట్ కంపెనీ ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్, నెట్‌ఫ్లిక్స్ ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకుని 2023 సెప్టెంబర్‌లో రాజీ పడ్డాయి. ఆటల వీడియోలు ప్రసారం చేసే ట్విచ్ మాత్రం మిగతా దేశాలకన్నా అక్కడ పది రెట్లు ఎక్కువ ఖర్చవుతోందని లెక్క చెప్పింది. ముందు వీడియో నాణ్యత తగ్గించింది, అయినా గిట్టలేదు. 2024 ఫిబ్రవరి 27న కొరియాలో దుకాణం మూసేసింది. ట్విచ్ యజమాని అమెజాన్.