రాష్ట్రపతి భవన్ మెట్లెక్కిన వారు: పిల్లలకు ఉత్తరం

శ్రీకాకుళం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

బడిలో రాష్ట్రపతి భవన్ చరిత్రపై పట్టిక తయారు చేస్తున్నారని, అందులో 340 గదులని, 330 ఎకరాలని, వాస్తుశిల్పి ఎడ్విన్ లుటియెన్స్ అని రాసుకున్నారని మీ ఉత్తరం వల్ల తెలిసింది. ఆ వివరాలు సరైనవే. అయితే ఆ మెట్లు ఏ యేట ఎవరు ఏ హక్కుతో ఎక్కారో కూడా రాస్తేనే ఆ ఇంటి కథ పూర్తవుతుందని నాకు తోస్తుంది.

1911లో ఐదో జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించిన తరువాత, రైసీనా, మాల్చా గ్రామాల భూములు తీసుకుని వైస్రాయి కోసం ఈ భవనాన్ని కట్టారు. భూములు పోయిన ఆ ఊళ్ళ పేర్లు మీ పట్టికలో తప్పక ఉండాలి. 1929లో అప్పటి వైస్రాయి లార్డ్ ఇర్విన్ అందులో మొదటిసారి ప్రవేశించాడు. 1931 ఫిబ్రవరిలో కొత్త ఢిల్లీ ప్రారంభోత్సవాలు ఘనంగా జరిగిన కొద్ది రోజులకే, జనవరిలో జైలు నుంచి విడుదలైన గాంధీజీ కొల్లాయి గుడ్డతో ఆ మెట్లెక్కి, వైస్రాయికి ఎదురుగా సమానుడిగా కూర్చుని చర్చలు జరిపారు. ఆ దృశ్యాన్ని తలచుకుని ఇంగ్లండులో చర్చిల్ మండిపడ్డాడు. మార్చి 5న కుదిరిన ఒప్పందం ప్రకారం, ఉప్పు దొరికే తీరగ్రామాల వారు తమ ఇంటి వాడకానికీ, తమ ఊళ్ళో అమ్మకానికీ ఉప్పు తీసుకోవచ్చు. నౌపడ ఉప్పుమడులు చూసిన మీకు ఆ షరతు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1948 జూన్‌లో గవర్నర్ జనరల్ అయిన రాజగోపాలాచారి, వైస్రాయిలు నివసించిన విశాలమైన గదులను వదిలి చిన్న గదులలో ఉన్నారు. ఆ పెద్ద గదులు తరువాత అతిథుల విడిది అయ్యాయి. ఇది చిన్న విషయమని వదిలేయకండి. ఆయన తరువాత వచ్చిన రాష్ట్రపతులకూ ఆ చిన్న గదులే నివాసమయ్యాయి. 1950 జనవరి 26 ఉదయం 10 గంటల 18 నిమిషాలకు భారతదేశం గణతంత్రమైనట్టు దర్బారు హాలులో ప్రకటించారు. మరి ఆరు నిమిషాలకు బాబూ రాజేంద్రప్రసాద్ తొలి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

1969 సంవత్సరాన్ని మాత్రం మీరు పెద్ద అక్షరాలతో రాయాలని నా కోరిక. మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించగా, ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి తాత్కాలికంగా బాధ్యతలు స్వీకరించారు. 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికలలో ఓడించి, 1952లో మన పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళిన గిరిగారే ఆయన. జూలైలో పదవికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. ఇద్దరూ తెలుగువారే. ఓటర్లు అభ్యర్థులను 1, 2 అని వరుసగా ఎంచుకునే ఆ ఎన్నికలో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలకపోవడంతో రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించి గిరిగారు గెలిచినట్టు ప్రకటించారు. ఆగస్టు 24న ఆయన ప్రమాణం చేశారు. ఈ ఓట్ల లెక్కింపు పద్ధతిని మీ సాంఘికశాస్త్రం మాస్టారిని అడిగి, బల్లమీద ఉదాహరణతో చేయించుకోండి.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటనపై అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేశారు. బాధ కలిగించే తేదీ అయినా దానిని దాటవేయకండి. 1969లో ఓడిపోయిన సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకుండా ఎన్నికై ఆ భవనంలో ప్రవేశించారు.

ఇట్లు,
మీ తాతయ్య