ఏఐ చెప్పిన ఆర్టికల్ అసలు ఒప్పందంలో ఉందా?

వాణిజ్య చర్చలకు తయారయ్యే అధికారుల కోసం ఏఐ టూల్స్ కట్టడం, వాటిని వాడటం నేర్పడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే మాట: "డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందాలన్నీ ఏఐకి వచ్చు కదండీ!"

అపోహ: ఆర్టికల్ నంబరుతో సహా చెప్పిందంటే నిజమే.

వాస్తవం: కాదు. మన కొంప ముంచేది ఇదే. ఆమధ్య క్లాసులో మాక్ చర్చ పెట్టాం. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయన్న అనుమానంతో మన రొయ్యల్ని ఆపేసిన దేశంగా టూల్, మన పక్షాన ఒక కుర్ర ఆఫీసరు. రాత్రంతా కూర్చుని ఏదో చాట్‌బాట్‌తో నోట్ రాయించుకొచ్చాడు. "ఎస్‌పీఎస్ ఒప్పందం 17వ ఆర్టికల్ ప్రకారం" అని మొదలుపెట్టాడు. ఆహార భద్రత, జంతువుల, మొక్కల ఆరోగ్యం పేరుతో దేశాలు పెట్టే ఆంక్షలకు సంబంధించిన డబ్ల్యూటీవో ఒప్పందం అది. ఆ ఒప్పందంలో ఉన్నవే 14. ప్రింటవుట్ ముందు పెట్టేసరికి పాపం, ముఖం పాలిపోయింది. భీమవరం దగ్గర వాళ్లకు రొయ్యల చెరువులున్నాయట. "తప్పు ఇక్కడే దొరికింది, టెన్షన్ పడకు" అన్నాను. అసలు చర్చల్లో అయితే ఆ ఒక్క నంబరు పట్టుకుని నోట్ మొత్తం పక్కన పెట్టేస్తారు.

"ఒప్పందం పీడీఎఫ్ ఎక్కిస్తే సరి" అంటారు. సరిపోదు. టూల్ దాన్ని ముక్కలు చేసి, ప్రశ్నకు దగ్గరగా ఉన్న ముక్కనే తెస్తుంది. నేను మొదట కట్టిన టూల్ ఎస్‌పీఎస్ ఆర్టికల్ 2.2 తెచ్చేది: తగిన శాస్త్రీయ ఆధారం లేకుండా ఆంక్ష కొనసాగించకూడదు. అందులోనే "5.7లో చెప్పినది మినహా" అని ఉంటుంది, కానీ 5.7 వచ్చేది కాదు. ఆధారాలు చాలనప్పుడు తాత్కాలికంగా ఆపొచ్చనేది అక్కడే. ఎదుటివాళ్లు పట్టుకునేదీ దాన్నే. ఇప్పుడు రెండూ కలిపి చూపించేలా మార్చాను. అయినా అసలు పాఠం తెరిచి చదవనిదే నా క్లాసులో ఎవరూ నోరు విప్పరు.

ఆ కుర్రాడూ చదివాడు. తర్వాతి రౌండులో 5.7 రెండో వాక్యం అందుకున్నాడు: అదనపు సమాచారం సేకరించి, సముచిత గడువులో సమీక్షించాలి కదా, మీ సమీక్ష ఎప్పుడు?

మిగతావి గబగబా. కోడింగ్ రావాలా? అక్కర్లేదు. సుంకం అడిగితే బౌండ్ రేటు (దాటనని దేశం డబ్ల్యూటీవోలో మాటిచ్చిన గరిష్ఠ రేటు) చెప్పిందో, అప్లైడ్ రేటు (నిజంగా వసూలు చేసేది) చెప్పిందో చూసుకోండి, తరచూ కలిపేస్తుంది. రహస్య ముసాయిదాలు పబ్లిక్ చాట్‌బాట్‌లో పెట్టొద్దు, సారాంశం కోసమైనా సరే.

టీ టైములో సీనియర్లు మెల్లగా అడుగుతారు: "ఇక మాతో పనేముంటుందండీ?" ఎదుటి పక్షం పాత్ర ఏఐ వందసార్లు విసుగు లేకుండా వేస్తుంది. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ తగ్గకూడదో చెప్పే మాండేట్ మాత్రం ప్రభుత్వం మీ చేతికే ఇస్తుంది.